మోటార్ కొనే ముందు సైకిల్‌ను చూడండి: ఫస్ట్ టైమ్ బిల్డ్ చేసేవాళ్ళకు ఏ సైకిల్ కరెక్ట్?

 

ఈ రోజు ఎపిసోడ్‌లో అన్‌బాక్సింగ్ లేదు, టాప్ స్పీడ్ టెస్ట్ లేదు. మోటార్ గురించి, బ్యాటరీ గురించి ఇప్పటికే మస్తు మాట్లాడుకున్నం. ఈ రోజు ఆ మోటార్‌ను మోసే సైకిల్ గురించి మాట్లాడుకుందాం. నిజం చెప్పాలంటే ఈ ఎపిసోడ్ అన్నిటికంటే ముందు రావాల్సింది. లేటైంది, తప్పు నాదే.

ఎందుకు లేటైందో చెప్పే ముందు ఒక మెసేజ్ గురించి చెప్త. ఐజ దగ్గర ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు రాసిండు. ఇంటర్ సెకండియర్. కాలేజీకి 11 కిలోమీటర్లు. పొద్దున బస్సు దొరికితే సాయంత్రం దొరకదు, సాయంత్రం దొరికితే పొద్దున దొరకదు. వాళ్ళ నాయిన సీడ్ పత్తి చేనుకు పోయే పాత నల్ల సైకిల్ ఇంట్ల ఉంది. "అన్నా, దీనికే కిట్ పెట్టుకుంట. వెనక చెల్లెను ఎక్కించుకొని పోత. ఓకేనా?" అని అడిగిండు.

రెండేళ్ళ కిందటి నేనైతే ఒక్క మాటలో "ఓకే తమ్ముడు, పెట్టెయ్" అనేవాణ్ణి. ఇప్పుడు అనలేను.

నేను చెప్పిన తప్పు మాట

రెండేళ్ళ కింద ఒక వీడియోలో నేనే చెప్పిన: "ఏ సైకిల్ అయినా పర్లేదు, కిట్ మంచిదైతే చాలు." అప్పటికి నేను ఒకే ఒక్క బిల్డ్ చేసి ఉన్న. అది నడిచింది కాబట్టి అన్నీ నడుస్తయి అనుకున్న. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ. మన లాప్‌టాప్‌లో కోడ్ నడిస్తే ప్రపంచమంతా నడుస్తదనుకుంటం.

ఆ వీడియో చూసి వనపర్తిలో ఉండే మా చిన్నాయన కొడుకు ఒక సైకిల్ తయారు చేసుకున్నడు. చూడటానికి మస్తుగుంది. ముందు షాకప్‌లు, మెరిసే అల్యూమినియం ఫోర్కు, ముందు చక్రంలో హబ్ మోటార్. మోటార్ ఇరుసు ఫోర్కు గాడిలో పట్టకపోతే ఆకురాయితో కొద్దిగా రాకి పట్టించిండ్రు. 20 రోజులు బ్రహ్మాండంగా నడిచింది. 21వ రోజు పెబ్బేరు దిక్కు పోతుంటే థ్రాటిల్ తిప్పిన టైమ్‌లో ఫోర్కు గాడి పెదవి పగిలి చక్రం బయటికొచ్చింది. వాడు ముందుకు పడ్డడు. మెడ కింద బొక్క, అదే కాలర్ బోన్, విరిగింది. దాదాపు మూడు నెలలు పనికి పోలేదు. వెనక బండ్లు ఏవీ లేవు కాబట్టి అంతటితో అయిపోయింది.

పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. ఆ వీడియో ఆ రోజే తీసేసిన. కానీ తీసేస్తే సరిపోదు కదా, సరైన మాట చెప్పాలి. అందుకే ఇది.

అసలు సైకిల్ దేనికోసం తయారైంది?

మనిషి సాఫీగా తొక్కితే గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతడు. సైకిల్ ఫ్రేమ్, బ్రేకులు, స్పోకులు అన్నీ ఆ లెక్కకే తయారైతయి. మోటార్ పెట్టినంక అదే సైకిల్ రోజంతా 25 దగ్గర పోతది. వేగం రెట్టింపైతే ఆపడానికి పీల్చుకోవాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అయితది. ఇది టెన్త్ ఫిజిక్సే, కొత్తదేం కాదు. గుంతలో పడ్డప్పుడు రిమ్ముకు తగిలే దెబ్బ కూడా వేగంతోనే పెరుగుతది. దాని మీద బ్యాటరీ, మోటార్ కలిపి 6 నుంచి 12 కిలోల అదనపు బరువు.

మన ఇండ్లల్లో పెద్దోళ్ళకు లూనా గుర్తుంటది. కైనెటిక్ కంపెనీ 1972లో తెచ్చింది. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. రెండింటికీ పెడల్స్ ఉండె. చూస్తే సైకిల్‌కు ఇంజన్ పెట్టినట్టే ఉంటయి. కానీ దగ్గర నుంచి గమనిస్తే చక్రాలు చిన్నవి, టైర్లు లావువి, ఫ్రేమ్ రేకుతో గట్టిగా చేసింది, లోపల డ్రమ్ బ్రేకులు. అంటే ఆ ఇంజనీర్లు సైకిల్‌ను తెచ్చి ఇంజన్ తగిలించలేదు, ఇంజన్‌కు తగ్గట్టు సైకిల్‌ను మళ్ళీ తయారు చేసిండ్రు. మనం ఇంట్లో ఫ్రేమ్ తయారు చేయలేం. కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే, సరైన సైకిల్‌ను ఎంచుకోవడం.

ముందు మోటార్ రకం తేల్చుకోండి

సైకిల్ కొనడానికి పోయే ముందే ఏ రకం మోటార్ పెడతరో తెలిసి ఉండాలి. ఎందుకంటే ఒక్కో మోటార్ సైకిల్‌లో ఒక్కో చోట బలం అడుగుతది.

మన దగ్గర ఎక్కువ దొరికేవి రెండు. ఒకటి హబ్ మోటార్, చక్రం మధ్యలోనే ఉంటది. రెండోది పక్కకు బిగించే చైన్ మోటార్, 24 వోల్టుల 250 వాట్లది. ఫ్రేమ్‌కు బ్రాకెట్‌తో బిగించి వేరే చైన్‌తో వెనక చక్రాన్ని తిప్పుతది.

చైన్ మోటార్ చవక. చెడిపోతే గద్వాలలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా ఏదో ఒక మోటార్ వైండింగ్ షాపులో కనీసం విప్పి చూస్తరు. కానీ చప్పుడు ఎక్కువ, చైన్ లైన్ కొద్దిగా వంకరైనా ఊడిపోతది. బ్రాకెట్ బిగించే చోట ఫ్రేమ్ పైపు ఉక్కుది కావాలి. పల్చని అల్యూమినియం పైపు మీద క్లాంప్ గట్టిగా బిగిస్తే సొట్ట పడుతది.

హబ్ మోటార్ సాఫీ, చప్పుడు లేదు. కానీ మొత్తం భారం ఇరుసు మీద, ఇరుసు కూర్చునే గాడి మీద పడుతది.

ఫస్ట్ బిల్డ్‌కు నా మాట: వెనక చక్రంలో హబ్ మోటార్. ముందు చక్రంలో వద్దు. కారణం కిందనే చెప్త.

ఫ్రేమ్, ఫోర్కు: ఉక్కు అంటే నామోషీ కాదు

షాపుల్లో "అల్లాయ్ అన్నా, తేలిక అన్నా" అని అమ్ముతరు. తొక్కే సైకిల్‌కు తేలిక మంచిదే. మోటార్ తోసే సైకిల్‌కు రెండు కిలోలు ఎక్కువైనా పెద్దగా తేడా లేదు. కావాల్సింది ఏందంటే, చెడిపోయే ముందు హెచ్చరించే లోహం. ఉక్కు ముందు వంగుతది, మీకు తెలుస్తది. పోత పోసిన అల్లాయ్ భాగాలు ఎక్కువగా చెప్పాపెట్టకుండా పగులుతయి. మా తమ్ముడి ఫోర్కు జరిగింది అదే.

ఏది ఉక్కు, ఏది అల్యూమినియం అని ఎట్ల తెలుస్తది? పాత స్పీకర్‌లోని అయస్కాంతం ఒకటి జేబులో వేసుకొని పోండి. పట్టుకుంటే ఉక్కు, జారితే కాదు. ఫ్రేమ్ మీద, ఫోర్కు కాళ్ళ మీద, వెనక ఇరుసు గాడి దగ్గర, మూడు చోట్లా పెట్టి చూడండి. ఫ్రేమ్ ఉక్కుదై గాడి వేరే లోహం ఉన్న సైకిళ్ళు కూడా ఉంటయి.

ఇప్పుడు ఇరుసు గాడి లెక్క చూద్దాం. చిన్న హబ్ మోటార్ ఇచ్చే టార్క్ 30 న్యూటన్ మీటర్లు అనుకోండి. మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పితే, ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తది. దాన్ని ఆపేది ఇరుసుకు రెండు పక్కల చదునుగా చెక్కిన భాగం, దాన్ని పట్టుకున్న గాడి. ఆ పట్టు వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లే. 30ని 0.01తో భాగిస్తే 3000 న్యూటన్లు. అంటే సుమారు 300 కిలోల బరువుతో ఎవరో పానా పెట్టి గాడిని విప్పుతున్నట్టు. థ్రాటిల్ తిప్పిన ప్రతిసారీ ఇదే జరుగుతది.

ముందు ఫోర్కు గాడి సన్నని ఇరుసు కోసం చేసింది, పల్చగా ఉంటది, కిందికి తెరుచుకొని ఉంటది. పగిలితే చక్రం నేరుగా బయటికి. వెనక గాడి మందం ఎక్కువ, ఫ్రేమ్‌తో కలిసి ఉంటది. అక్కడ ఏదైనా జరిగినా ముందు చక్రం మీ హ్యాండిల్ మాట వింటది, పడిపోయే అవకాశం తక్కువ. అందుకే వెనకే పెట్టమంటున్న. వెనక పెట్టినా టార్క్ ఆర్మ్ తప్పనిసరి. అది ఇరుసును పట్టుకొని ఫ్రేమ్‌కు బిగించే ఒక ఉక్కు పట్టీ. కిట్‌లో రాకపోతే విడిగా కొనండి, లేదా మందమైన ఉక్కు పట్టీతో మంచి వెల్డింగ్ మేస్త్రితో చేయించుకోండి. గాడిని ఆకురాయితో రాకే పని మాత్రం ఎవరు చేస్తనన్నా వద్దనండి.

వెడల్పు కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు

వెనక రెండు గాడుల మధ్య లోపలి దూరం స్కేలుతో కొలవండి. గేర్లున్న ఎంటీబీ సైకిళ్ళలో మామూలుగా 135 మిల్లీమీటర్లు ఉంటది. చాలా వెనక హబ్ మోటార్లు ఈ కొలతకే వస్తయి. గేర్లు లేని సైకిళ్ళలో ఇంకా తక్కువ ఉంటది. ఉక్కు ఫ్రేమ్ అయితే నాలుగైదు మిల్లీమీటర్లు సాగదీయొచ్చు. 15, 20 మిల్లీమీటర్లు సాగదీస్తే గాడులు వంకర పోతయి, చక్రం సూటిగా కూర్చోదు. అల్యూమినియం ఫ్రేమ్‌ను అసలు సాగదీయొద్దు.

అందుకే మామూలు గేర్ల ఎంటీబీ, 26 అంగుళాల చక్రాలు, ఉక్కు ఫ్రేమ్, ఇది ఫస్ట్ బిల్డ్‌కు అన్నిటికంటే తేలిక దారి. గేర్లు మీకు నచ్చకపోయినా ఆ వెడల్పు కోసమైనా అదే తీసుకోండి.

చక్రం సైజు: వేగమా, తోపా?

దీనికి ఒక చిన్న లెక్క చేద్దాం. చైన్ మోటార్ బయటి చక్రం నిమిషానికి 300 సార్లు తిరుగుతదనుకోండి. దానికి 9 పళ్ళు, వెనక చక్రానికి 16 పళ్ళు. అప్పుడు చక్రం నిమిషానికి సుమారు 169 సార్లు తిరుగుతది.

26 అంగుళాల చక్రం ఒక్కసారి తిరిగితే దాదాపు 2.07 మీటర్లు. గంటకు 21 కిలోమీటర్లు వస్తది. మన నల్ల సైకిల్ 28 అంగుళాలది అయితే ఒక చుట్టుకు 2.23 మీటర్లు, గంటకు 22.6. పిల్లల 20 అంగుళాల సైకిల్ అయితే 15 నుంచి 16.

పెద్ద చక్రం వేగం ఇస్తది, చిన్న చక్రం తోపు ఇస్తది. గద్వాల, ఐజ, అలంపూర్ దిక్కు నడిగడ్డ నేల చాలావరకు చదును. కృష్ణ, తుంగభద్రల మధ్య నల్లరేగడి. అక్కడ 26 అయినా 28 అయినా నడుస్తది. అదే అచ్చంపేట దాటి మన్ననూర్ దిక్కు, నల్లమల ఘాట్ ఎక్కాలంటే వేరే కథ. మనిషి, సైకిల్, కిట్ అన్నీ కలిపి 95 కిలోలనుకోండి. 100 మీటర్లకు 5 మీటర్లు ఎక్కే రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లు పోవాలంటే ఒక్క ఎత్తు ఎక్కడానికే దాదాపు 195 వాట్లు కావాలి. గాలి, టైర్ల రాపిడి కలిపితే 250 అక్కడే అయిపోయింది. కాబట్టి ఘాట్ మీద తొక్కాల్సిందే. తొక్కడానికి పనికొచ్చే గేర్లు, సరైన ఎత్తులో సీటు ఉన్న సైకిల్ కావాలి. "మోటార్ ఉంది కదా, పెడల్ ఎందుకు" అనుకునేవాళ్ళు మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటినంక నన్ను గుర్తు చేసుకుంటరు.

నల్ల సైకిల్ సంగతి

ఇప్పుడు తమ్ముడు అడిగిన అసలు ప్రశ్న. నాయిన నల్ల సైకిల్.

ముందు మంచి మాటలు చెప్త. దాని ఫ్రేమ్ ఉక్కు. జాయింట్ల దగ్గర లగ్గులు పెట్టి అతికించింది. బస్తాలు మోసి మోసి పరీక్ష పాసైంది. పొడుగు ఎక్కువ కాబట్టి సూటిగా పోతది. డబుల్ బారు ఉంటే బ్యాటరీ పెట్టడానికి మస్తు జాగా. ఫ్రేమ్ మీద నాకు కంప్లైంట్ లేదు.

కంప్లైంట్ మూడు చోట్ల.

ఒకటి, స్పోకులు. పాత పద్ధతి నల్ల సైకిల్‌కు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 స్పోకులు ఉంటయి. హబ్ మోటార్లు ఎక్కువగా 36 రంధ్రాలతో వస్తయి. ఉన్న రిమ్ములోకి మోటార్ ఎక్కదు. మా దగ్గర ఒకాయన 40 రంధ్రాల రిమ్ములో నాలుగు వదిలేసి 36 స్పోకులు బిగించిండు. చక్రం నెల తిరగకముందే ఎనిమిది ఆకారం అయ్యింది.

రెండు, బ్రేకులు. ఇది అసలు సమస్య. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు, కింది నుంచి పైకి పట్టుకుంటయి. వాన పడితే దాదాపు పట్టవు. "వేరే బ్రేకు పెట్టుకుంట" అంటే కుదరదు, ఎందుకంటే ఆ రిమ్ముకు పక్కన చదును గోడ లేదు, వీ బ్రేకు పట్టడానికి జాగా లేదు. రిమ్ము మార్చాలి, బ్రేకు పెట్టడానికి ఫ్రేమ్ మీద కొక్కేలు వెల్డింగ్ చేయాలి. అంటే చక్రాలూ బ్రేకులూ కొత్తవి. అప్పుడు పాత సైకిల్‌లో మిగిలేది ఫ్రేమ్ ఒక్కటే.

మూడు, ఇరుసుల మధ్య వెడల్పు. మోటార్‌కు చాలదు.

అందుకే నా జవాబు: నాయిన సైకిల్‌ను నాయినకే ఉండనీ తమ్ముడూ. అది చేనుకు పోవడానికి పనికొచ్చే మంచి సైకిల్. దాన్ని విప్పి నువ్వు సగంలో ఆపితే ఇంట్ల ఇద్దరికీ సైకిల్ లేకుండా పోతది. నా మొదటి బిల్డ్‌కు ఆరు వారాలు పట్టింది, నీకు కూడా ఒక్క ఆదివారంలో అయిపోదు.

బ్రేకులు: ఇక్కడ బేరం లేదు

రెండు బ్రేకులు ఉండాలి, రెండూ పని చేయాలి. ముందు డిస్క్ ఉన్న సైకిల్ దొరికితే అదే తీసుకోండి. తీగతో పనిచేసే మామూలు డిస్క్ చాలు. వెనక హబ్ మోటార్ పెట్టేటప్పుడు డిస్క్ ప్లేట్ బిగించే సదుపాయం మోటార్‌కు ఉందో లేదో ముందే చూడాలి, లేకపోతే వెనక వీ బ్రేకు పెట్టుకోవాలి. కాబట్టి ఫ్రేమ్‌కు వెనక వీ బ్రేకు కొక్కేలు కూడా ఉంటే మీకు రెండు దారులు ఉంటయి.

బ్రేకు పట్టగానే మోటార్ కట్ అయ్యే లివర్లు చాలా కిట్లలో వస్తయి. చాలామంది బిగించకుండా పక్కన పడేస్తరు. పడేయొద్దు. థ్రాటిల్ ఇరుక్కుపోయిన రోజు మిమ్మల్ని కాపాడేది అదే.

వద్దనేవి, తొందరగా చెప్తా

మడత పెట్టే సైకిల్ వద్దు, మడత కీలు మోటార్ భారానికి కాదు. ముందూ వెనకా షాకప్‌లున్న చవక సైకిల్ వద్దు, ఫ్రేమ్ మధ్యలో స్ప్రింగు ఉంటే బ్యాటరీకి జాగా ఉండదు, పైగా ఆ పిన్నులు తొందరగా లూజు అయితయి. సన్న టైర్ల రేసు సైకిల్ వద్దు, మన ఊరి రోడ్ల మీద రిమ్ము మిగలదు. ఫ్యాట్ టైర్ సైకిల్ చూడటానికి హీరోలెక్క ఉంటది, కానీ బరువు ఎక్కువ, దాని వెనక వెడల్పుకు మామూలు మోటార్ సరిపోదు.

టైర్లు 1.95 లేదా 2.1 అంగుళాలు చాలు. మన దగ్గర సర్కారు తుమ్మ ముండ్లు ఎక్కువ. హబ్ మోటార్ చక్రానికి పంక్చర్ అయితే విప్పడం పెద్ద పని. కాబట్టి మందమైన టైర్, లోపల పంక్చర్ పట్టీ, ముందే వేయించుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో 10 నిమిషాల టెస్ట్

కొత్త సైకిల్ కొనే పైసలు అందరి దగ్గర ఉండవు, నాకు తెలుసు. నా రెండో బిల్డ్ సెకండ్ హ్యాండ్ మీదనే చేసిన. అయితే ఇట్ల చూడండి.

ముందు ఫోన్ టార్చ్ వేసి హ్యాండిల్ కింద మెడ దగ్గర, పెడల్ ఇరుసు దగ్గర, వెనక గాడుల దగ్గర వెల్డింగ్ చుట్టూ చూడండి. వెంట్రుక లాంటి గీత కనిపిస్తే, దాని మీద తుప్పు రంగు ఉంటే, వదిలేయండి. మళ్ళీ రంగు వేసిన ఫ్రేమ్ అయితే ఇంకా అనుమానంగా చూడండి.

తర్వాత ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపండి. మెడ దగ్గర టక్ టక్ అంటే బేరింగ్ లూజు. అది చిన్న రిపేరే, కానీ ధర తగ్గించమని అడగొచ్చు.

సైకిల్‌ను తలకిందులు చేసి చక్రం తిప్పండి. బ్రేకు రబ్బరు పక్కన ఒక పెన్ను పట్టి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. రిమ్ము పక్కకు ఎంత ఊగుతుందో కండ్లకు కనపడుతది. ముందు చక్రం ఊగితే స్పోకులు సరిచేయించొచ్చు. వెనక చక్రం ఎట్లాగూ మోటార్‌తో మారుతది కాబట్టి దాని గురించి ఎక్కువ ఫికర్ వద్దు.

ఆఖరికి పెడల్ ఇరుసు కింద ఫ్రేమ్ నంబర్ ఉంటది. ఫోటో తీసుకోండి. బిల్లు లేకపోతే అమ్మినాయనతో ఒక కాగితం రాయించుకోండి. మరీ చవకగా ఇస్తుంటే అది ఎవరిదో అడగండి. ఇంకో తమ్ముడి సైకిల్ పోతేనే మనకు చవకగా వచ్చిందంటే ఆ లాభం మనకొద్దు.

చట్టం ఏం చెప్తది?

దీని మీద మస్తు అబద్ధాలు తిరుగుతున్నయి, జాగ్రత్తగా వినండి. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989లో రూల్ 2(యు) అని ఉంది. మోటార్ పవర్ 250 వాట్ల కంటే తక్కువ, వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ ఉండి, గుర్తింపు ఉన్న టెస్టింగ్ సంస్థ ధ్రువీకరిస్తే అది మోటారు వాహనం కిందికి రాదు. పెడల్ అసిస్ట్ సైకిల్‌కు మంచి బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ కూడా ఉండాలి. అమ్మేవాళ్ళు మొదటి రెండే చెప్పి ధ్రువీకరణ మాట మింగేస్తరు. ఇంట్లో చేసిన సైకిల్‌కు ఆ ధ్రువీకరణ దానంతట అది రాదు. కాబట్టి కిట్ కొనేటప్పుడు టెస్ట్ రిపోర్ట్ ఉందా అని అడగండి, ఉంటే కాపీ తీసుకోండి. 1000 వాట్లు పెట్టి "సైకిలే కదా సార్" అంటే అది చెల్లదు.

పెట్రోల్ ఇంజన్ కిట్లు అడిగేవాళ్ళు కూడా ఉన్నరు. మోటారు వాహనాల చట్టం 1988లో నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి 25 సీసీ దాటని ఇంజన్ ఉన్న బండిని మోటారు వాహనం అనరు. ఆన్‌లైన్‌లో 80 సీసీ అని అమ్మేవి ఆ గీతకు మస్తు దూరం. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే, ఏదైనా యాక్సిడెంట్ అయితే, ఇన్సూరెన్స్ కూడా ఉండదు. ఆ బరువంతా మీ ఇంటి మీద పడుతది.

చట్టం సంగతి ఎట్లున్నా, ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబర్ హైవే ఎక్కొద్దు. బీచుపల్లి బ్రిడ్జి మీద లారీలు మన పక్క నుంచి పోతే ఆ గాలికే హ్యాండిల్ ఊగుతది. సర్వీస్ రోడ్డు, ఊరి రోడ్డు మీదనే మన సైకిల్.

తమ్ముడికి ఆఖరి లెక్క

నీ కాలేజీ 11 కిలోమీటర్లు, రానూ పోనూ 22. నువ్వొక్కడివే అయితే, థ్రాటిల్ మీదనే పోతే, కిలోమీటరుకు 12 నుంచి 15 వాట్ అవర్లు ఖర్చయితది. 36 వోల్టుల 10 ఏహెచ్ బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. కొత్తగున్నప్పుడు 24 నుంచి 30 కిలోమీటర్లు. నీకు సరిపోతది, కానీ మిగిలేది తక్కువ. బయలుదేరేటప్పుడు, ఎదురుగాలిలో తొక్కితే మంచిగ మిగులుతది. బ్యాటరీ పాతబడ్డంక ఆ తొక్కుడే నిన్ను ఇంటికి చేరుస్తది.

చెల్లె సంగతి. ఎంటీబీకి తగిలించే క్యారియర్ల మీద ఎన్ని కిలోలు మోస్తదో రాసి ఉంటది. 25 కిలోలు అని రాసినవి నేను మస్తు చూసిన. అది పుస్తకాల సంచికి. చెల్లెను ఎక్కించాలంటే ఇరుసుకు, ఫ్రేమ్‌కు రెండు చోట్లా బిగించే గట్టి ఉక్కు క్యారియర్ కావాలి, కాళ్ళు పెట్టుకోవడానికి పట్టీలు కావాలి, చున్నీ చక్రంలో పడకుండా జాలి కావాలి. బ్యాటరీని క్యారియర్ మీద కాకుండా ఫ్రేమ్ మధ్యలో పెట్టాలి. అప్పుడు కూడా మొదటి నెల నువ్వొక్కడివే నడుపు. రోజూ ఇంటికొచ్చినంక ఇరుసు నట్లు పానాతో చూడు. స్పోకులను వేలితో మీటి చూడు, ఒకటి డల్లుగా మోగితే అది లూజు. నెల రోజులు ఏదీ కదలకపోతే అప్పుడు చెల్లెను ఎక్కించుకో. పైసలు ముందు సైకిల్ మీద, బ్రేకుల మీద పెట్టు. చిన్న బ్యాటరీని తర్వాతైనా పెద్దది చేసుకోవచ్చు, విరిగిన బొక్కను అట్ల మార్చుకోలేం.

మా తమ్ముడు ఇప్పుడు మళ్ళీ సైకిల్ నడుపుతున్నడు. ఉక్కు ఫ్రేమ్, వెనక మోటార్, రెండు టార్క్ ఆర్ములు. బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్న. మొదటి రౌండ్ నేనే నడిపిన, వాడు వద్దన్నా సరే. పిన్ని గడప దగ్గర నిలబడి చూసింది. నేను తిరిగొచ్చి సైకిల్ ఆపేదాక లోపలికి పోలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో స్పోకులు అల్లడం చూపిస్త, వెనక మోటార్‌ను 36 రంధ్రాల రిమ్ములో ఎట్ల కూర్చోబెట్టాలో. అప్పటిదాకా ఎవరూ కిట్ ఆర్డర్ పెట్టకండి. ముందు ఒక స్కేలు, ఒక అయస్కాంతం పట్టుకొని మీ ఇంట్లో ఉన్న సైకిల్ దగ్గరికి పోండి. ఉంటా మరి, జాగ్రత్త.